పొట్ట పెరిగింది, ఒళ్లు తరిగింది: మీ పెంపుడు కుక్క గురించి ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది విజయవాడ పటమట. మా చిన్ని పొమేరియన్, పదేళ్లు నిండాయి, 9 కిలోలు ఉంటుంది. వేసవి నుంచి నీళ్లు తెగ తాగేస్తోంది, బెజవాడ ఎండలు కదా అని వదిలేశాం, కానీ కార్తీకం వచ్చినా గిన్నె మీద గిన్నె ఖాళీ చేస్తూనే ఉంది. రాత్రి రెండు మూడు సార్లు లేపుతుంది, ఒక్కోసారి హాల్లోనే పోసేస్తోంది. పెరుగన్నం తిన్న పది నిమిషాలకే మళ్లీ వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది, ఎప్పుడూ దేని జోలికీ పోనిది మొన్న చెత్తబుట్ట లాగేసింది. పొట్ట కుండలా ఉంది, వెన్నుపూస మాత్రం చేతికి తగులుతోంది, నడుం పక్కల బొచ్చు ఊడిపోయింది. లావెక్కిందని మా అత్తయ్యగారు తిండి సగం చేశారు, రాత్రి 8 తర్వాత నీళ్ల గిన్నె తీసేస్తున్నాం. ఇది షుగరా, ముసలితనమా? అన్నట్టు దురదకి ప్రెడ్నిసొలోన్ మాత్ర రెండేళ్లుగా వాడుతున్నాం, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటాం, అది వేస్తేనే నిద్రపోతుంది.

జవాబు: అమ్మా, ముందు ఆ నీళ్ల గిన్నె తియ్యడం ఈ రాత్రి నుంచే మానెయ్యండి. చిన్ని నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ పోయడం లేదు, ఒంట్లో నీళ్లు నిలవక పోతున్నాయి కాబట్టి తాగుతోంది. గిన్నె తీసేస్తే పొయ్యడం ఆగదు, ఒంట్లో నీరు తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది. హాల్లో పోసిందని తిట్టకండి కూడా, పాపం దానికి ఆపుకోవడం చేతకావట్లేదు.

మీరు ఉత్తరం చివర్లో అన్నట్టు అని రాసిన ఆ మాత్ర సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యం. ప్రెడ్నిసొలోన్ అంటే స్టెరాయిడ్. కుక్కకి రెండు కిడ్నీల పక్కన వేరుశెనగ గింజంత అడ్రినల్ గ్రంథులుంటాయి, అవి చేసే కార్టిసాల్ అనే హార్మోన్ పనే ఈ మాత్ర కూడా చేస్తుంది. కార్టిసాల్ అవసరమే, తిండి దొరకని రోజు, భయపడ్డ రోజు రక్తంలో షుగర్ పడిపోకుండా కాపాడేది అదే. ఎలా కాపాడుతుందంటే కండలోని ప్రొటీన్ కరిగించి లివర్ చేత షుగర్ చేయిస్తుంది. ఒకటి రెండు రోజులైతే నష్టం లేదు, కానీ నెలల తరబడి ఒంట్లో కార్టిసాల్ ఎక్కువగా ఉంటే, కడుపు నిండా తిన్న కుక్క కూడా లోపల తన కండ తానే కరిగించుకుంటూ ఉంటుంది. దీన్నే కుషింగ్స్ అంటాం, మనుషుల్లో ఈ జబ్బుని వివరంగా రాసిన హార్వే కుషింగ్ పేరు మీద.

ఇప్పుడు చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూడండి. కళ్ల పైన కణత దగ్గర వేలు పెడితే గుంట తగులుతుందా, తొడ పట్టుకుంటే మునుపటి కండ ఉందా? పొట్ట మీద చర్మం పల్చగా కాగితంలా అయ్యి రక్తనాళాలు కనబడుతున్నాయా? అలా ఉంటే అది లావెక్కడం కాదమ్మా. పొట్ట గోడ కండరాలు వదులైపోయాయి, లివర్‌లో గ్లైకోజెన్, అంటే దాచిపెట్టిన షుగర్, పేరుకుని లివర్ ఉబ్బింది, కొవ్వంతా పొట్ట లోపలికి చేరింది, అందుకే కుండలా వేలాడుతోంది. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, తిండి సగం చేస్తే పొట్ట తగ్గదు, మిగిలిన ఆ కాస్త కండా పోతుంది. ఆ ఆకలి కూడా తిండిపోతుతనం కాదు, కార్టిసాల్ పుట్టించే ఆకలి. గిన్నె ఖాళీ చేసి కూడా గడప దగ్గర అలా చూస్తూ కూర్చునే కుక్కల్ని నేను చాలా చూశాను, ఇంట్లో వాళ్లు దురాశ అని కసురుకుంటుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

షుగరా అని అడిగారు, సరైన అనుమానమే. కార్టిసాల్ ఇన్సులిన్‌ని పని చెయ్యనివ్వదు కాబట్టి కొన్ని కుక్కలకి దీనివల్లే షుగర్ జబ్బు కూడా తోడవుతుంది, అందుకే పొద్దున్నే మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి తీసుకెళ్లండి, అందులో షుగర్ ఉందో లేదో, మూత్రం ఎంత పల్చగా ఉందో అక్కడే తెలిసిపోతుంది. ఒక రోజంతా నీళ్లు కొలవండి. లీటరు సీసాతో కొలిచి పోసి, 24 గంటల తర్వాత మిగిలింది లెక్కలోంచి తీసెయ్యండి, బాత్రూం తలుపు మూసి ఉంచండి, లేకపోతే బకెట్లో తాగేసి లెక్క తప్పుతుంది. కిలోకి 100 మిల్లీలీటర్లు దాటితే జబ్బు కిందే లెక్క, అంటే మీ చిన్నికి 900 దాటకూడదు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, ఇది చదివి భయపడి ఆ మాత్ర ఒక్కసారిగా ఆపెయ్యకండి! ఇన్నేళ్లు బయట నుంచి స్టెరాయిడ్ వస్తుంటే సొంత గ్రంథులు పని మానేసి కుంచించుకుపోయి ఉంటాయి, హఠాత్తుగా ఆపితే కార్టిసాల్ అసలు లేకుండా పోయి కుక్క కుప్పకూలిపోతుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. దురదకి అసలు కారణం గోమారా, అలర్జీనా, ఫంగసా అన్నది ఆ రోజే చూపించండి, దురద అలాగే ఉంటే మళ్లీ ఆ మాత్ర దగ్గరికే వెళ్తారు. చెవి చుక్కలు, చర్మం మీద రాసే ఆయింట్‌మెంట్లలో కూడా స్టెరాయిడ్ ఉంటుంది, వాడినవన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

మాత్ర వల్ల వచ్చిందా, సొంతంగా వచ్చిందా అన్నది ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని పని చేయించే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి కార్టిసాల్ చూసే టెస్టులో తేలుతుంది. సొంతంగా వచ్చే కుషింగ్స్‌లో సుమారు 80-85 శాతం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ వల్ల, మిగతావి అడ్రినల్ మీదే గడ్డ వల్ల వస్తాయి, అప్పుడు స్కానింగ్ కావాలి, కార్టిసాల్ తయారీ తగ్గించే ట్రైలోస్టేన్ క్యాప్సూల్ తిండితో కలిపి జీవితాంతం వాడాలి, మొదలెట్టిన 10-14 రోజులకి మళ్లీ రక్తం చూడాలి. ఆ మందు మీద ఉన్న కుక్క తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా క్యాప్సూల్ ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. మీకు దగ్గర్లో ఈ టెస్టులు కుదరకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీలో అడగండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను సార్. మా ఆడ ల్యాబ్రడార్‌కి నాలుగేళ్లు. రెండు మూడు నెలలకోసారి వాంతులు, విరేచనాలు, వణుకు, నీరసం. సెలైన్ ఎక్కిస్తే మర్నాటికి లేచి తిరుగుతుంది. గ్యాస్ట్రిక్ అంటున్నారు. దీపావళి టపాసులకి భయపడి మంచం కింద దూరింది, రెండో రోజు లేవలేకపోయింది, మళ్లీ సెలైన్‌తోనే లేచింది.

జవాబు: సెలైన్‌తో లేచిందంటే తగ్గిందని కాదండి, సరిగ్గా ఆ మాటే నాకు అనుమానం తెప్పిస్తోంది. చిన్ని కథకి ఇది తిరగేసిన కథ, అడ్రినల్ గ్రంథులు చెయ్యాల్సినంత చెయ్యట్లేదేమో. అడిసన్స్ అంటాం, వయసులో ఉన్న ఆడకుక్కల్లో ఎక్కువ. కార్టిసాల్ లేకపోవడంతో టపాసుల భయాన్ని కూడా ఒళ్లు తట్టుకోలేదు, ఆ గ్రంథులే చేసే ఆల్డోస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ లేకపోవడంతో సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం రక్తంలో నిలిచిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె మెల్లగా కొట్టుకుంటుంది. మామూలుగా కుప్పకూలిన కుక్కకి గుండె దడదడలాడాలి కదా, దీనికి నింపాదిగా కొట్టుకుంటుంటే ఇదే గుర్తుకు రావాలి. సెలైన్‌లో ఉండేది సోడియమే కాబట్టి ఎక్కించగానే లేచి కూర్చుంటుంది, అందరం గ్యాస్ట్రిక్ తగ్గిందనుకుంటాం.

ఈసారి వాంతులు మొదలైతే సెలైన్ పెట్టకముందే రక్తం తీయించండి, సోడియం, పొటాషియం, కార్టిసాల్ మూడూ రాయమనండి. సోడియంని పొటాషియంతో భాగిస్తే 27 కంటే తక్కువ వస్తే అనుమానం గట్టిపడుతుంది, ఖాయం చేసేది మాత్రం ఏసీటీహెచ్ టెస్టే. కొన్ని కుక్కల్లో సోడియం పొటాషియం బాగానే ఉండి కార్టిసాల్ ఒక్కటే తక్కువుంటుంది, అందుకే అది వదిలెయ్యొద్దు. తేలితే ఆల్డోస్టెరాన్ పని చేసే ఫ్లూడ్రోకార్టిసోన్, కొద్ది మోతాదులో ప్రెడ్నిసొలోన్ జీవితాంతం వెయ్యాలి. అవును, చిన్నికి తగ్గించమన్న మాత్రే, మీ దానికి లేనిది పూడ్చడానికి. రోజూ వేస్తే మామూలు కుక్కలాగే బతుకుతుంది. పెళ్లిళ్లు, ప్రయాణాలు, వచ్చే దీపావళి ముందు మోతాదు ఎంత పెంచాలో మీ డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి, మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో వాళ్లకి పనికొస్తుంది.