ఖుర్దా, బుద్రుకా? చూసి రాయి

ధర్మాబాద్

బిడ్డా,

దసరాకు వచ్చినప్పుడు వంటింట్లో మీ అత్తతో నువ్వన్న మాట వసారాలో ఉన్న నాకు వినపడింది. "ఈసారి ఆమ్‌దార్ టికెట్ అడుగుదామనుకుంటున్నా, మామకు మాత్రం ఇప్పుడే చెప్పకు" అన్నావు. మన మహారాష్ట్రలో ఇద్దరు ఆమ్‌దార్ల, అంటే ఎమ్మెల్యేల దగ్గర ఇరవై రెండేళ్లు పీఏగా సంచీ మోసినవాణ్ణి కదా, వద్దంటానని భయపడి ఉంటావు. వద్దనను. ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అంటూనే ఇంకో ఫోన్ ఎత్తుతావు. అందుకని రాసి పంపుతున్నా.

నీ తొందర నాకు అర్థమైంది. అయిదేళ్లు సర్పంచ్‌గా చేశావు, ఊళ్లో పేరొచ్చింది, ఇంతలో రిజర్వేషన్ తిరిగి ఆ కుర్చీ ఇంకొకరికి పోయింది. సర్పంచ్ పదవితో వచ్చిన చిక్కే అది. పని పట్టుబడేసరికి రొటేషన్ వస్తుంది. అసెంబ్లీ సీట్లు అలా కాదు, 2008 డీలిమిటేషన్‌లో ఏది జనరల్, ఏది రిజర్వు అని ఖరారైతే ఇన్నేళ్లూ అలాగే నడిచింది. ఆడవాళ్లకు మూడో వంతు సీట్ల చట్టం 2023లో చేశారు కానీ, జనగణన, డీలిమిటేషన్ అయ్యాకే అమలని అందులోనే రాశారు. దాన్ని నమ్ముకుని కూర్చోకు. మగవాళ్లు పదిమంది అడిగే చోటే నువ్వూ అడగాలి.

సర్పంచ్‌గా నువ్వు మోరీ తవ్వించావు, బోరుకు మోటారు వేయించావు, సాయంత్రానికి నీళ్లొచ్చాయి. ఆ అలవాటుతో వెళ్తే ఆమ్‌దార్ పదవిలో మొదటి ఏడాదే చిరాకు పుడుతుంది. ఆమ్‌దార్ నిధి ఏడాదికి 5 కోట్లంటే వినడానికి పెద్దదే. ధర్మాబాద్, ఉమ్రీ, నాయ్‌గావ్ మూడు తాలూకాలకూ పంచి చూడు, సభామండపాలూ సిమెంటు రోడ్డు ముక్కలూ తప్ప ఏమీ మిగలవు. అదీ నువ్వు సిఫారసు చేస్తావంతే, మంజూరు చేసేది కలెక్టర్. జిల్లా ప్రణాళిక చూసే నియోజన సమితిలో ఇంకాస్త పెద్ద డబ్బు ఉంటుంది, కానీ దానికి అధ్యక్షుడు పాలక్ మంత్రి, అంటే జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి. ఆయన నీ పార్టీవాడు కాకపోతే నీ ఊళ్ల పేర్లు జాబితాలో అడుగుకు జారతాయి. నీ పార్టీవాడే అయినా ముందు ఆయన తాలూకా, తర్వాతే నీది. ఇక ఎవరి దయా అక్కర్లేకుండా నీ చేతిలో ఉండేది సభలో అడిగే హక్కు ఒక్కటే. ఆ అడగడంలోనే నేను ఘోరంగా తప్పు చేశాను. అది వివరంగా చెప్పాలి.

తారాంకిత ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న, రాసే పద్ధతి ఒకటుంది. ఫలానా ఊళ్లో వాగు మీద వంతెన కొట్టుకుపోయింది, "హే ఖరే ఆహే కాయ్?" అని మొదలుపెడతారు. ఇది నిజమేనా అని. నిజమైతే విచారణ చేశారా, ఎప్పుడు కడతారు, కట్టకపోతే కారణాలేంటి అని కింద వరసగా వస్తాయి. జవాబులు దాదాపు మూడు రకాలే. "హోయ్, హే ఖరే ఆహే", నిజమే. "అంశతః ఖరే ఆహే", కొంత నిజం. "హే ఖరే నాహీ", నిజం కాదు. పైదానికి నిజం కాదని వచ్చిందా, కింద అడిగిన వాటన్నిటికీ ఒకటే జవాబు, "ప్రశ్న్ ఉద్భవత్ నాహీ". అసలు ఆ ప్రశ్నే పుట్టదట.

మన వైపు ఊళ్లు సగం జంటలే కదా, పెద్దది బుద్రుక్, చిన్నది ఖుర్ద్. ఒక వానాకాలం ఖుర్ద్ దగ్గర వంతెన పోయింది. మా మొదటి సాహెబ్ ప్రశ్న వేద్దామన్నారు. ముంబైలో ఆకాశవాణి ఆమ్‌దార్ నివాస్ గదిలో, పక్క మంచం మీద నియోజకవర్గం నుంచి ఆసుపత్రి పనికొచ్చినవాళ్లు ముగ్గురు గురకపెడుతుంటే, అర్ధరాత్రి నేను రాశాను. ఖుర్ద్ అని రాయాల్సిన చోట బుద్రుక్ అని రాశాను. సాహెబ్ చూసుకోకుండా సంతకం పెట్టారు, నా మీద అంత నమ్మకం. జవాబు వచ్చింది. హే ఖరే నాహీ. ప్రశ్న్ ఉద్భవత్ నాహీ. ప్రశ్న్ ఉద్భవత్ నాహీ.

వాళ్లదీ అబద్ధం కాదు, బుద్రుక్‌లో వంతెన నిక్షేపంగా ఉంది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఖుర్ద్ వాళ్లు ఎప్పుడు వెళ్లినా వంతెన కట్టించాల్సిన ఇంజినీరు అచ్చయిన జవాబు తీసి చూపించేవాడు, "సభలోనే చెప్పాం, సమస్య లేదని". రెండు వానాకాలాలు ఆ ఊరు ట్రాక్టర్ మీద వాగు దాటింది. నొప్పులొచ్చిన ఒక అమ్మాయిని మంచం మీద మోసుకుని దాటించారు. తర్వాతి ఎన్నికలో ఖుర్ద్ పెట్టె తెరిస్తే మాకు పడ్డ ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాహెబ్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పోయేదాకా "ఏం ఖుర్ద్ సాహెబ్, టీ తాగావా?" అని మాత్రం పిలిచారు. అందరూ అది ముద్దుపేరనుకునేవారు.

అందుకే చెబుతున్నా. ప్రశ్న రాసే ముందు ఆ ఊరికి వెళ్లు. తలాఠీ, అదే ఊరి రెవెన్యూ ఉద్యోగి దగ్గర రెవెన్యూ పేరు, భూమి గట్ నంబరు రాసుకో. పాత ఉత్తరాల నకళ్లు, వాటి మీద ఇన్‌వర్డ్ నంబర్లు తీసుకో. పీఏ రాసినదాన్ని నువ్వే గట్టిగా పైకి చదివి సంతకం పెట్టు, ఆ పీఏ మేనమామ అయినా సరే. అందరి ప్రశ్నలూ సభలో నోటి దాకా రావు, గంటలో కొన్నే అవుతాయి. రాకపోయినా అచ్చయిన జవాబు దస్తావేజుగా మిగులుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన జవాబు "అంశతః ఖరే ఆహే". ఏ అంశం నిజమో అక్కడ పట్టుకుని ఉపప్రశ్న వేయాలి. అప్పుడు మంత్రి "చేస్తాం" అన్నాడంటే అది ఆశ్వాసన్, అంటే సభలో ఇచ్చిన హామీ, దాన్ని వెంటాడటానికి ఆశ్వాసన్ సమితి ఉంది. ఆ మాట, ఆ తేదీ ఆ రోజే రిజిస్టర్‌లో ఎక్కించు. లక్షవేధీ, అంటే ముఖ్యమైన విషయం మీద మంత్రి దృష్టికి తెచ్చే నోటీసు, వేసినా అంతే. కొత్త ఆమ్‌దార్లు సభలో అరిచి టీవీలో కనపడతారు, ఊళ్లో వీడియో తిరుగుతుంది, వారం తర్వాత వంతెన ఉన్నచోటే ఉంటుంది, అంటే లేనిచోటే.

భాష సంగతి. రాజ్యాంగం 210వ అధికరణంలో ఒక మాటుంది. రాష్ట్ర భాష, హిందీ, ఇంగ్లీషు సరిగా రాని సభ్యుడు స్పీకర్ అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. అది చూపించి తెలుగులో మాట్లాడతానని మనవాళ్ల ముందు చప్పట్లు కొట్టించుకోవచ్చు. నేనైతే వద్దంటా. 288 మందిలో నీ మాట అర్థమయ్యేవాళ్లు ఎంతమంది? మరాఠీలోనే మాట్లాడు, మన యాసతోనే మాట్లాడు. ఇంటిపేరుకు "వార్" తగిలించుకుని మూడు తరాల నుంచి ఇక్కడ బతుకుతున్నాం, యాసకు సిగ్గెందుకు? అయితే రాసేటప్పుడు యాస పనికిరాదు. ఏ రిటైర్డ్ మరాఠీ మాస్తర్నయినా బతిమాలి రోజూ గంట కూర్చో.

తెలంగాణ సరిహద్దు దగ్గర గోదావరి మీదున్న మన బాబ్లీ బ్యారేజీ గురించి నిన్ను అడగని సభ ఉండదు. లెక్కలు నోటికి రావాలి. బ్యారేజీ 2.74 టీఎంసీ. 28 ఫిబ్రవరి 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. గేట్లు దించాక పైన వానలు పడకపోతే మనకు అడుగు తడే. రైతు కోపంలో న్యాయం ఉంది. కానీ వేదికెక్కి "కోర్టును లెక్కచేయం" అనకు. 2010 జులైలో చంద్రబాబు నాయుణ్ని బాబ్లీ వెళ్లకుండా ఇక్కడ మన ధర్మాబాద్‌లోనే పట్టి ఉంచినప్పుడు, బజారులో ఏ భాషలో మాట్లాడాలో తెలియక మనవాళ్లు కొట్ల షట్టర్లు సగం దించుకుని కూర్చున్నారు. మన ఆడపిల్లలు అటు, వాళ్ల ఆడపిల్లలు ఇటు. తీర్పు లోపల ఏం చేయగలమో అది అడుగు. ఎగువ నుంచి నీళ్లు వదలమను, కాలువల బాగు కోసం డబ్బు అడుగు.

పక్క రాష్ట్రంతో పోలిక కూడా తప్పదు. 2018లో అటు రైతుబంధు కింద పంటకు ఎకరానికి 4,000 ఇస్తుంటే, మమ్మల్నీ తెలంగాణలో కలపండని మన తాలూకా ఊళ్లే లేచాయి. 2024లో ఇక్కడ లాడ్కీ బహీణ్ కింద ఆడవాళ్లకు నెలకు 1,500 మొదలయ్యాక అటువైపు చుట్టాలు మనల్ని అడిగారు. దీనికి జవాబు వెతుక్కోకు, జవాబు లేదు. విని రాసుకో.

పెళ్లిళ్లు, చావులు. పెళ్లికి ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు, ఫొటో దిగితే చాలు. చావుకు మాత్రం వెళ్లు, దండలు పట్టుకుని పదిమందితో కాదు, ఒక్కదానివే. సెషన్‌లో ఉండి కుదరకపోతే ముంబై నుంచి దేవగిరి రైలు దిగగానే స్టేషన్ నుంచి నేరుగా వెళ్లు.

వడగళ్లు పడ్డ రాత్రి ఏం చేయాలో నీకు చాలామంది చెప్పరు. పొలంలో ఫొటోలు తర్వాత. ఆ ఏడాది పంట బీమా నిబంధనల్లో నష్టం తెలియజేసే గడువు ఉంటే (2024 దాకా 72 గంటలు ఉండేది) రైతు అది దాటకూడదు, లేదంటే కంపెనీ ఆ ముక్క పట్టుకునే ఎగ్గొడుతుంది. తెల్లారేసరికి ప్రతి ఊళ్లో మైకు మీద చెప్పించు. తర్వాత పంచనామా. తలాఠీ, గ్రామసేవక్, కృషి సహాయక్ ముగ్గురూ పొలానికే వెళ్లారా, చావడిలో కూర్చుని రాశారా చూడు. నేను చూసినంతలో ఈ ఒక్క పని సరిగా చేసిన ఆమ్‌దార్‌ను ఆ ఏడాది ఎవరూ తిట్టలేదు.

డబ్బు సంగతి తక్కువ రాస్తా, ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో. చట్టం ప్రకారం ఖర్చు పరిమితి 40 లక్షలు. డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకు సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుంది. వేరే బ్యాంకు ఖాతా తెరువు, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వు. ఇవ్వనివాళ్లను మూడేళ్లు అనర్హులుగా ప్రకటించే అధికారం ఎన్నికల కమిషన్‌కు ఉంది. పొలం మాత్రం అమ్మకు. అమ్మి గెలిచినవాడు దాన్ని తిరిగి కొనే తొందరలో పడతాడు, ఆ తొందర ఎటు తీసుకుపోతుందో మన తాలూకాలోనే చూశావు.

అల్లుడు మంచివాడు, నాకు తెలుసు. కానీ సర్పంచ్‌గా ఉన్నప్పుడు రెండుసార్లు తహసీల్‌లో నీ కుర్చీలో అతను కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ఊళ్లో "సర్పంచ్ పతి" అని నవ్వి ఊరుకుంటారు. టికెట్ ఇచ్చేవాళ్లు నవ్వరు, "మాట్లాడాల్సింది ఎవరితో?" అని అడుగుతారు. అతనికి చెప్పడం నీకు కష్టమైతే నేను చెబుతా, నా మీద కోపగించుకోనీ.

పార్టీ ఏదని నేను అడగను. ఒకదాంట్లో చేరితే ఉండు. 2022లో మన రాష్ట్రం ఆమ్‌దార్లు గువాహటి హోటల్‌లో ఉన్న రోజుల్లో ప్రతి టీ కొట్టు దగ్గరా ఒకటే జోకు. ఎటు వెళ్లినా వాళ్లవాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి, నేను తీర్పు చెప్పను. సాంగోలాలో గణపత్‌రావ్ దేశ్‌ముఖ్ ఒకే చిన్న పార్టీలో, కరువు తాలూకా నుంచి 11 సార్లు గెలిచారు. 1962లో మొదలు, మధ్యలో ఓడారు, మళ్లీ వచ్చారు. సర్కారు ఎస్టీ బస్సులో తిరిగేవారు. బస్సు సంగతే అందరూ చెప్పుకుంటారు. ఆయన జీవితమంతా నీళ్ల కోసం ఎన్ని కాగితాలు పెట్టారో ఎవరూ చెప్పుకోరు, నాకు అదే గొప్ప అనిపిస్తుంది.

ఈసారి టికెట్ రాదేమో. మొదటిసారి అడిగినవాళ్లకు ఇవ్వడం నేను తక్కువే చూశాను. రాకపోతే అలిగి ఇండిపెండెంట్‌గా నిలబడకు. మూడు తాలూకాల్లో ఏ ఊరి అర్జీ ఏ ఆఫీసులో ఆగిందో ఈ లోపు రాసుకుంటూ పో.

నా పాత రిజిస్టర్లు పదకొండు అటక మీద ఉన్నాయి. ఊరు, అర్జీ, తేదీ, ఎవరికి పంపాం, ఏం జవాబొచ్చింది, అన్నీ వరసలు కొట్టి రాసినవే. కొన్ని అర్జీలకు ఇప్పటికీ జవాబు లేదు, ఖుర్ద్ వంతెన పేజీ మడతపెట్టి ఉంది. ఆదివారం కారు తీసుకుని రా. మొన్న ఒకటి తీసి చూస్తే అట్ట చెదలు పట్టింది. వచ్చేటప్పుడు అక్క చేసిన నిమ్మకాయ పచ్చడి తే, మీ అత్త చేసింది ఈసారి చేదెక్కింది, ఆమెకు చెప్పకు.

మీ మామ