ఎమర్సన్ కాలేజీలో ఫిల్మ్ కోర్సుకు హెచ్-4 మీద దరఖాస్తు: మా ఇంటి అనుభవం

మీ అమ్మాయి పదకొండో తరగతి చదువుతోందని, బోస్టన్‌లోని ఎమర్సన్ కాలేజీలో ఫిల్మ్ చదువుతానని పట్టుబడుతోందని, మీరు హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద, తను హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా) మీద ఉన్నారని, దరఖాస్తు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. 2021లో మా అబ్బాయి న్యూజెర్సీ నుంచి ఇదే కాలేజీకి, ఇదే కోర్సుకు, ఇదే స్టేటస్‌లో దరఖాస్తు చేశాడు కాబట్టి మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దరఖాస్తు కంటే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. బాయిల్‌స్టన్ స్టేషన్‌లో రైలు దిగి పైకి వచ్చాక మా ఆవిడ అటూ ఇటూ చూసి, "కాలేజీ ఎక్కడండీ?" అని అడిగింది, అప్పటికి మేము కాలేజీ మధ్యలోనే నిలబడి ఉన్నాము. గేటు లేదు, పచ్చిక బయళ్లు లేవు. బాయిల్‌స్టన్, ట్రెమాంట్ వీధుల మూల మీద ఉన్న భవనాలే క్యాంపస్, ఎదురుగా ఉన్న బోస్టన్ కామన్ పార్కే ఆ పిల్లల ఆటస్థలం. 1880లో చార్లెస్ వెస్లీ ఎమర్సన్ అనే ఆయన వక్తృత్వం నేర్పడానికి పెట్టిన బడి ఇది (మనం పాఠాల్లో చదువుకున్న కవి ఎమర్సన్ వేరు). నేటికీ మాట, రాత, రంగస్థలం, రేడియో, సినిమా, జర్నలిజం వంటివే ఇక్కడి ప్రధాన చదువులు. రేపు మనసు మారితే కంప్యూటర్ సైన్సుకు మారుతుందిలే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, అందుకే కాలేజీ పేరు కంటే లోపల ఏ మేజర్ (ప్రధాన కోర్సు) అన్నది ముందు తేల్చుకోవాలి. నటనకు ఆడిషన్, ఫిల్మ్‌కు సొంతంగా తీసిన చిన్న వీడియో వంటి నమూనా అడుగుతారు. జర్నలిజం వంటి వాటికి అవేవీ ఉండవు. అలాగని సులువైన మేజర్‌లో చేరి తరువాత ఫిల్మ్‌కు మారవచ్చని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి, లోపల నుంచి మారడానికి ఉన్న అవకాశాలు చాలా పరిమితం.

దరఖాస్తు కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే ఫారంతో దరఖాస్తు చేసే వెబ్‌సైటు) ద్వారానే. ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశాల కోసం రాసే పరీక్ష) మార్కులు పంపడం తప్పనిసరి కాదు, మావాడు పంపలేదు. అసలు తంటా అంతా వ్యాసాల దగ్గర, వీడియో దగ్గర వచ్చింది. మా ఊళ్లో ఒక కన్సల్టెంటుకు డబ్బు కట్టి వ్యాసం దిద్దించాను. తిరిగి వచ్చిన కాగితంలో ఒక్క తప్పు లేదు, మా అబ్బాయి కూడా లేడు. మొదటి వీడియో సంగతీ అంతే: అద్దెకు తెచ్చిన డ్రోన్‌తో సూర్యాస్తమయం తీసి, దానికి ఒక సినిమా పాట తగిలించాడు. వాళ్ల ఇంగ్లీషు టీచరు అది చూసి, ఇది ఎవరైనా తీయగలరు కదా అని ఒక్క మాట అన్నారు.

ఆ వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. రోజూ పొద్దున కాఫీ తాగగానే, ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ముందు రోజు తేదీ మీద బాల్‌పెన్నుతో ఒక గీత కొట్టేవారు. వాడు ఆ చేతిని, ఆ గీతను పదిహేను పొద్దులు ఒకే చోట నిలబడి ఫోనుతో తీసి, రెండు నిమిషాలకు కుదించాడు. పాట లేదు, పెన్ను గీరిన చప్పుడు, వంటింట్లో కుక్కర్ కూత మాత్రమే వినిపిస్తాయి. తాతయ్య ఇంటికి వెళ్లే రోజులు లెక్కపెట్టుకుంటున్నారని తీస్తున్నప్పుడు తనకు తెలియదని, ఎడిటింగులో కూర్చున్నాకే తెలిసిందని వ్యాసంలో రాశాడు. సీటు దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను కానీ, ఆ దరఖాస్తు మొత్తంలో వాడు కనిపించింది మాత్రం అక్కడే. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండా తనంతట తాను తీసినవి, రాసినవి ఏమున్నాయో ఈ వేసవిలోనే పక్కన పెట్టించండి.

ఇప్పుడు డబ్బు విషయం. ట్యూషన్, గది, భోజనం కలిపితే ఏడాదికి 75 వేల డాలర్లు దాటుతుంది. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ గ్రాంట్లు గానీ ఫెడరల్ రుణాలు గానీ రావు. కాలేజీ ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌కు స్టేటస్‌తో పని లేదు, అందుకు వేరే దరఖాస్తు కూడా అక్కరలేదు. మావాడికి కొంత వచ్చింది, అయినా మిగిలినది పెద్ద మొత్తమే. అందుచేత ఎర్లీ డెసిషన్ జోలికి మేము పోలేదు. సీటు ఇస్తే చేరతామని ముందే కట్టుబడే పద్ధతి అది, ఎంత కట్టాలో తెలియకుండా సంతకం పెట్టడం నాకు నచ్చలేదు. నవంబరు 1 గడువుతో ఉన్న ఎర్లీ యాక్షన్‌లో అయితే జవాబు త్వరగా వస్తుంది, కట్టుబాటు ఉండదు. మా రాష్ట్ర విశ్వవిద్యాలయం రట్గర్స్‌కు కూడా దరఖాస్తు పెట్టించి, రెండు లెక్కలూ ఎదురెదురుగా పెట్టుకున్నాకే నిర్ణయం తీసుకున్నాము.

అందరూ మరిచిపోయే విషయం ఇంకొకటి ఉంది. ఇటువంటి కాలేజీకి అంత డబ్బు పోసేది తరగతి పాఠాల కోసమే కాదు, ఇంటర్న్‌షిప్‌ల కోసం కూడా. లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ బూలెవార్డ్ మీద వాళ్లకు 2014 నుంచి సొంత భవనం ఉంది. పిల్లలు ఒక సెమిస్టరు అక్కడ ఉండి స్టూడియోల్లో పని నేర్చుకుంటారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతం తీసుకుని పని చేయకూడదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా)కు మారితేనే సీపీటీ (చదువుతుండగా కోర్సులో భాగంగా పని చేసే అనుమతి), ఓపీటీ (ఎక్కువగా చదువు ముగిశాక అదే రంగంలో పని చేసే అనుమతి) దొరుకుతాయి. పైగా ఫిల్మ్ వంటి కోర్సులు సాధారణంగా స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) జాబితాలో ఉండవు కనుక, ఓపీటీ 12 నెలలతో సరి. ఇంజనీరింగు పిల్లలకు దొరికే అదనపు 24 నెలలు వీళ్లకు ఉండవు. ఎలాగూ 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది. మేము ఇదంతా రెండో సంవత్సరంలో తెలుసుకుని హడావుడిగా ఐ-539 (స్టేటస్ మార్చుకునే దరఖాస్తు) వేశాము, అది తేలేలోపు ఒక వేసవి ఇంటర్న్‌షిప్ చేజారింది. మీరు మాత్రం సీటు వచ్చిన వారంలోనే కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఈమెయిలు పెట్టి, మీ లాయరుతో కూడా మాట్లాడండి.

మీ అమ్మాయికి 21 ఏళ్లు ఏ నెలలో నిండుతాయో, మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరుసలో మీ స్థానం తేల్చే తేదీ) ఏ సంవత్సరానిదో కింద రాస్తే, మేము ఏ నెలలో ఏ కాగితం పంపామో చూసి చెబుతాను.