వెనిగర్‌తో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష నిజమేనా? మా ఆదోని వైపు పల్లెల్లో కుదురుతుందా?

నిజమే. దీన్ని పెద్ద ఎత్తున నిరూపించింది ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ సురేంద్ర శాస్త్రి బృందం. 1998లో ముంబై మురికివాడల్లో మొదలుపెట్టి సుమారు 1,50,000 మంది మహిళలపై 12 ఏళ్లు అధ్యయనం చేశారు. నాకు నచ్చిందేమిటంటే, పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన పదో తరగతి చదివిన మహిళలు. పరీక్షలు చేసిన ప్రాంతాల్లో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

పద్ధతి చాలా సింపుల్. 4 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది, నిమిషం ఆగి లైటు వేసి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. తెల్లబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, టెన్షన్ పడకండి. ముక్క తీసి పరీక్షిస్తేనే ఖాయమయ్యేది. (వంటింటి వెనిగర్‌తో సొంతంగా చేసుకునే పని మాత్రం కాదు!)

ఇక మన ఊళ్ల సంగతి. అసలు చిక్కు పరీక్షలో కాదు, తర్వాత తిరగడంలో ఉంది. కోసిగి వైపు ఆడవాళ్లు గుంటూరు మిరపచేలకు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోతారు. ఆ నెలల్లో క్యాంపు పెడితే ఊళ్లో ముసలివాళ్లే దొరుకుతారు. మచ్చ కనిపించినామెను కర్నూలు పెద్దాసుపత్రికి రమ్మంటే ఒకరోజు కూలి, బస్సు చార్జీ, తోడుగా ఇంకొకరి కూలి. అందుకే వాళ్లు సుగ్గి నుంచి తిరిగొచ్చాక క్యాంపు పెట్టి, వీలైతే అదే రోజు ఆ మచ్చకు చికిత్స కూడా చేసేయాలి. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి చేస్తే చాలు. మీ ఊరి ఏఎన్ఎమ్మను అడిగి చూడండి.