గేర్‌బాక్సు దించే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్న 1992 నాటి మాజ్డా మియాటాలో పొద్దున్నే గేర్లు పడటం లేదనీ, రివర్సు వేయబోతే గరగరమంటోందనీ, చూసిన మెకానిక్కు గేర్‌బాక్సు పోయిందని తేల్చేశాడనీ రాశావు. ఆయన మాట నిజమే కావచ్చు. అయితే నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం ముందుగా క్లచ్ మీదికే పోతోంది. ఆ కారులో గేర్‌బాక్సును దించాలంటే, దానినీ, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ కలిపి పట్టుకునే పొడవాటి అల్యూమినియం ఫ్రేమును కూడా విప్పాలి కనుక, విప్పకుండా తెలుసుకోగలిగినదంతా ముందే తెలుసుకోవడం మంచిది.

మొదటి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, ఐదు గేర్లనూ రివర్సునూ ఒక్కొక్కటిగా వేసి చూడు. పంటికి పన్ను ఎదురై ఏదైనా ఒకటి మొండికేస్తే కారును కాస్త ముందుకు తోసి మళ్లీ వెయ్యి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అన్నీ పడుతూ, నడుస్తున్నప్పుడు మాత్రం ఏదీ పడకపోతే, పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. దీన్ని రూఢి చేసుకోవడానికి, చదునైన చోట హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో పెడల్‌ను నేలదాకా తొక్కి, పది అంకెలు లెక్కపెట్టిన తరువాత రివర్సు వెయ్యి. క్లచ్ సరిగా విడిస్తే ఆపాటికి లోపలి షాఫ్టు తిరగడం ఆగిపోయి గేరు నిశ్శబ్దంగా పడాలి. అప్పటికీ గరగరమంటే ఆ షాఫ్టును ఇంజన్ ఇంకా లాగుతోందని అర్థం. పెడల్‌ను వరసగా నాలుగైదు సార్లు కొట్టాక గేరు సులువుగా పడితే, తప్పు దాదాపు ఖాయంగా హైడ్రాలిక్సుదే, అంటే పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా క్లచ్‌కు చేరవేసే ఏర్పాటుదే.

ఇక బానెట్ తెరిచి క్లచ్ ద్రవం డబ్బా చూడు. చిన్నదే కనుక మట్టం తగ్గితే ఇట్టే తెలుస్తుంది. ద్రవం తగ్గిందంటే ఎక్కడికో కారుతున్నట్టే. డ్రైవరు పాదాల దగ్గర, పెడల్ పైభాగాన తడి ఉంటే, పెడల్ తొక్కినప్పుడు ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్‌ను అనుమానించాలి. తరువాత కారును జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి (జాకీ ఒక్కదానినే నమ్మి ఎన్నడూ కిందికి దూరకు), గేర్‌బాక్సు పక్కన బిగించిన, ఆ ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీని మెల్లగా వెనక్కి మడిచి చూడు. లోపల ద్రవం తడి కనిపిస్తే దాని సీలు పోయినట్టు. తడి లేకపోయినా, ఒకరిని పెడల్ తొక్కమని దాని రాడ్డు ఎంత కదులుతుందో గమనించు. కదలిక అరకొరగా ఉంటే గొట్టాల్లో గాలి చేరిందనో, మాస్టర్ సిలిండర్ లోపలే ద్రవం వెనక్కి జారిపోతోందనో అనుకోవచ్చు. ఈ కార్లలో స్లేవ్ సిలిండర్ పోవడం ఎంత మామూలంటే, నేను గ్యారేజీలో ఒకటి ఎప్పుడూ దాచి ఉంచుకుంటాను. మార్చేటప్పుడు రెండు సిలిండర్లనూ కలిపి మార్చు. కొత్త స్లేవ్ వేశాక పాత మాస్టర్ తరచూ ఎక్కువ కాలం నిలవదు.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి పాత కారుకు సరిగ్గా ఇదే జబ్బు వస్తే, రెండు వారాంతాలు నేల మీద పడుకుని గేర్‌బాక్సు దించి, లోపల ఏ లోపమూ కనపడక మళ్లీ ఎక్కించాను. చివరికి తేలింది సిలిండర్‌లోని చిన్న రబ్బరు సీలు చిరిగిందని. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ కథ చెప్పి నవ్వుతుంది.

ఇబ్బంది ఒక్క గేరులోనే ఉంటే సంగతి వేరు. రెండో గేరు మాత్రమే గీరుకుంటూ ఉంటే, మూడో గేరు నుంచి దిగేటప్పుడు మధ్యలో న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి వెయ్యి. అలా వేసినప్పుడు చప్పుడు లేకపోతే ఆ గేరు సింక్రో (గేరు సాఫీగా పడేలా వేగాలను సరిచేసే భాగం) ఇత్తడి రింగు అరిగిందని చెప్పవచ్చు. చలిలో మొదటి రెండు మైళ్లు రెండో గేరు బిగుసుగా ఉండటం మాత్రం ఈ గేరు పెట్టెలకు పుట్టుకతో వచ్చిన గుణం, దానికి కంగారుపడకు. వేసిన గేరు యాక్సిలరేటర్ వదలగానే జారి బయటికి వచ్చేస్తుంటే మాత్రం లోపలి పళ్లో, వాటిని తోసే ఫోర్కో అరిగిపోయాయి. అప్పుడు పెట్టె దించక తప్పదు.

చప్పుళ్లకు కూడా భాష ఉంది. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉండగా మూలిగి, తొక్కగానే ఆగితే గేర్‌బాక్సు ముందు బేరింగులను అనుమానించు. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు. రోడ్డు మీద మిగతా గేర్లలో వినిపించి నాలుగులో మాయమైతే కౌంటర్ షాఫ్టు (గేర్‌బాక్సులో పక్కగా తిరుగుతూ శక్తిని మోసే షాఫ్టు) బేరింగులు. ఈ పెట్టెలో నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి కావడంతో అందులో ఆ షాఫ్టు ఊరికే తిరుగుతుందే తప్ప బరువు మోయదు.

చివరగా ఆయిల్ దించి చూడు. దించే బోల్టుకన్నా ముందు నింపే బోల్టును విప్పు. అది తుప్పు పట్టి రాకపోతే ఖాళీ చేసిన పెట్టెతో ఇంట్లో చిక్కుకుపోతావు. బోల్టు అయస్కాంతానికి అంటిన నల్లటి మెత్తటి పేస్టు మామూలే. బంగారు రంగు మెరుపు సింక్రోల ఇత్తడిది. ఉక్కు ముక్కలు కనిపిస్తే మాత్రం ఆ కారును ఇక నడపకు. కొత్త ఆయిల్ 75డబ్ల్యూ-90 చిక్కదనం గల జీఎల్-4 రకమే పొయ్యి, రెండు లీటర్లు పడుతుంది; జీఎల్-5 రకాల్లోని గంధకపు మిశ్రమాలు ఇత్తడిని తినేయవచ్చు.

రివర్సు పరీక్షలో ఏమి వినిపించిందో, స్లేవ్ రబ్బరు టోపీ కింద తడి ఉందో లేదో ముందు రాయి. ఆ రెండూ తెలిసేదాకా మెకానిక్కుకు బయానా ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య