నిచ్చెన మీది అర్జునుడు

అమ్మాయీ,

వీధినాటకం ఆడే ఇంటి మీద నువ్వు రాసిన కథ అందింది. చదవడం అయ్యేసరికి బాగా పొద్దుపోయింది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. కొంత కోపం వల్ల, కొంత ఎనిమిదో పేజీ వల్ల.

ఆ పేజీలో ఏముందో నేనే నీకు గుర్తు చేస్తాను. రాసింది నువ్వే అయినా దాని విలువ నీకు తెలిసినట్టు లేదు. తమ్ముడు గోడకు ఆనించిన నిచ్చెన ఎక్కుతూ అర్జున తపస్సు పద్యాలు పాడుతుంటాడు. అమ్మ కింద కూచుని చెనక్కాయలు ఒలుస్తుంటుంది. ఒక పద్యం చివర వాడికి ఊపిరి చాలక ఒక అక్షరం మింగేస్తాడు. అమ్మ తలెత్తకుండా "దిగు" అంటుంది. వాడు దిగి, మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కుతాడు.

అయిదు లైన్లు. అంతే. అక్కడి నుంచి ఉరుక్కుంటూ తాత మంచం దగ్గరికి పోయావు. తాత చెక్క కిరీటాన్ని గుండెల మీద పెట్టుకుని కన్నుమూస్తాడు. పక్కింట్లో టీవీ మోగుతుంటుంది. "ఒక కళ కన్నుమూసింది" అని ఆఖరి వాక్యం. నాలుగు పేజీలు దీనికి ఖర్చు పెట్టావు.

ఈ తాతను నేను ఎన్ని కథల్లో చూశానో చెప్పలేను. ఒక కథలో తోలుబొమ్మ పట్టుకుని పోతాడు, ఒక కథలో డప్పు, ఒక కథలో మగ్గం. పోటీలకు వచ్చే కథల కట్ట ఏదీ ఆయన లేకుండా ఉండదు. జడ్జీలు కంటతడి పెట్టుకుని బహుమతి ఇస్తారు, మరుసటేడు ఇంకో పదిమంది తాతలు చస్తారు. నాకు ఇది ఒళ్ళు మండే విషయం. ఆటగాళ్ళకు కష్టాలు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి, వాటి గురించి రాయాలి కూడా. నువ్వు చేసింది వేరు. ఆట కోసం రాత్రీ పగలూ ఒళ్ళు వంచుతున్న ఒక ఇంటిని కళ్ళారా చూసి, ఆ ఇంటికి చావు కబురు రాసిచ్చావు. మీ చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ ధర్మరాజుల గుడి ముందు 18 రోజుల భారతం జరుగుతూనే ఉంది కదా? మధ్యాహ్నం హరికథ వినడానికి ముసలీ ముతకా వస్తున్నారు, రాత్రి వీధినాటకానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని వస్తున్నారు. ఆ జనం నీ కథలో ఎక్కడ?

ఇప్పుడు నిచ్చెన సంగతి. అమ్మ అంత కఠినంగా "దిగు" అని ఎందుకంటుందో చదివేవాడికి తెలియాలి. అర్జున తపస్సు చూడని వాళ్ళు ఈ రాష్ట్రంలోనే చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం పాఠకుడికి నువ్వు ఏమీ చెప్పలేదు. ఆ రోజు గుడి ముందు ఎత్తైన తపస్సు మాను నిలబెడతారని, దానికి పూజ చేస్తారని, అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ పైకెక్కుతాడని చెప్పు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడి చీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, పూలు, విభూతి తమ కొంగులో పడాలని ఎదురుచూస్తుంటారు. అంతమంది కళ్ళు, అంతమంది ఆశలు ఆ ఒక్క మనిషి మీద. అక్కడ ఎవరూ "దిగు" అనలేరు. ఆపడానికి వీల్లేదు, మళ్ళీ మొదలుపెట్టడానికి వీల్లేదు. పైగా అసలు మాను ఆ రోజు దాకా ఎక్కడానికి దొరకదు. కాబట్టి ఇంటి గోడకు ఆనించిన నిచ్చెనే దిక్కు. ఆ ఇంటిపెరట్లోనే ఊపిరి చాలకపోతే, అంత ఎత్తున చేతులు మానును పట్టుకుని ఉన్నప్పుడు ఎలా చాలుతుంది? తల్లి భయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నువ్వు ఆ భయం వెనకున్న కారణాన్ని నీ కడుపులోనే దాచుకున్నావు.

నేను ముప్పై ఏళ్ళుగా ఎవరు అడిగినా, అడగకపోయినా ఒకటే చెబుతున్నాను. పని చేస్తున్న మనుషుల గురించి రాసేటప్పుడు ఎవరు ఎవరిని ఆపగలరో చూడు. ఆపే హక్కు ఎవరి దగ్గరుందో, ఆగాల్సినవాడు ఎలా ఆగుతాడో రాయి. మిగిలిన సంబంధాలన్నీ దాని వెంటే వస్తాయి. ప్రేమ ఉందని, గౌరవం ఉందని, అలక ఉందని నువ్వు విడిగా చెప్పే పని ఉండదు.

నీ కథలో ఇంటి పెత్తనం నాయనది. అప్పు తెచ్చేది, ఆవును అమ్మేది, కూతురి సంబంధం ఖాయం చేసేది ఆయన. కానీ రిహార్సల్ మొదలయ్యేసరికి దుర్యోధనుడి వచనం మరిచిపోయి వంటింటి వైపు చూస్తాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ అందిస్తుంది. నువ్వు దీన్ని ఒక చిన్న వాక్యంలో, అదీ నవ్వులాటగా రాశావు. అది నవ్వులాట ఎలా అవుతుంది? ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి భార్య మాట విని ఆగేది ఆ ఒక్క చోట. ఆమె కూడా ఆ ఒక్క చోటే ఆయన్ను తప్పు పడుతుంది. అన్నం వడ్డించేటప్పుడు ఒక్క మాట ఎదురు చెప్పని మనిషి, దరువు తప్పితే ఊరుకోదు. ఆయన పాడటం ఆపి, గొంతు సవరించుకుని, ఆమె చెప్పినట్టే మళ్ళీ అందుకుంటాడు. దీన్ని చూడు. ఆయన ముఖం ఎలా ఉంటుంది? తమ్ముడు ఆ సమయంలో ఎటు చూస్తాడు? నువ్వు అక్కడే ఉన్నావు కదా, నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆమెకు ఆట మొత్తం నోటికి వచ్చు, వేషం మాత్రం లేదు. మీ వైపు వీధినాటకంలో ద్రౌపది వేషం కూడా ఆనవాయితీగా మగవాళ్ళే కడతారు. నీ కథలో చిన్నాయన కొడుకు ద్రౌపది. వాడికి కొంగు ఎలా తిప్పాలో, జుట్టు విరబోసుకుని శపథం చేసేటప్పుడు ఎక్కడ నిలబడాలో అమ్మే నేర్పుతుంది. ఈ సంగతి పదకొండో పేజీలో ఇలా వచ్చి అలా పోయింది. అమ్మాయీ, నేను గనక ఈ కథ రాస్తే అక్కడ కూచుండిపోయేవాణ్ణి.

"మా ఊరి సంగతి బయటివాళ్ళకు అర్థమవుతుందా" అని అడిగావు. జర్మనీలో బవేరియా కొండల దగ్గర ఓబరామర్‌గావ్ అని ఒక ఊరుంది. 1633లో ప్లేగు తగ్గితే ఏసుక్రీస్తు కథ ఆడతామని ఆ ఊరివాళ్ళు మొక్కుకున్నారు. 1634లో మొదటిసారి ఆడారు. అప్పటి నుంచి సుమారు పదేళ్ళకోసారి ఆడుతూనే ఉన్నారు. 2020లో ఆడాల్సింది కరోనా వల్ల 2022కు జరిగింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకో, 20 ఏళ్ళు అక్కడ కాపురమున్నవాళ్ళకో తప్ప వేషం ఇవ్వరు. తాతా తండ్రీ మనవడూ ఒకే ఆటలో ఉంటారు. అక్కడ కూడా పెళ్ళయిన ఆడవాళ్ళకు, 35 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు చాలాకాలం వేషం లేదు. ఆ ఊరి ఆడవాళ్ళు కోర్టుకెక్కి 1990లో ఆ హక్కు సాధించుకున్నారు. మొక్కు వేరు, దేవుడు వేరు, వంటింట్లో నిలబడి పాఠం అందించే మనిషి మాత్రం అక్కడా ఉండే ఉంటుంది. మీ అమ్మ సంగతి వాళ్ళకు అర్థం కాదని ఎలా అనుకున్నావు?

అంత దూరం కూడా అక్కర్లేదు. మీ పక్కనే కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి మొదలైన కుటుంబాలు ఉన్నాయి. నాటకమే కాపురం, కాపురమే నాటకం. అక్కడ ఆడవాళ్ళు రంగం మీదికి ఎక్కారు, మగవేషాలు కూడా కట్టారు. ఒకే సీమ. ఒకచోట ఆడది ఆటలో ఉంది, ఒకచోట ఆట వెనకాల ఉంది. మీ అమ్మ సురభి వాళ్ళ నాటకం ఎప్పుడైనా చూసిందా? చూసి ఉంటే ఏమంది? అడుగు. కథలో పెట్టమని కాదు, నీకు తెలియాలి.

నాయనకూ చిన్నాయనకూ గట్టు తగాదా పెట్టావు. ఒకరు దుర్యోధనుడు, ఒకరు భీముడు. ఆట రోజు గదాయుద్ధం నిజం కొట్లాటగా మారుతుంది. ఇది తీసెయ్. చదివేవాడు రెండో పేజీలోనే పసిగడతాడు. తగాదా ఉంచు, కొట్లాట తీసెయ్. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టినట్టు చేసే ఆ పెద్ద మట్టి దుర్యోధనుడి మీద ఇద్దరూ ఎక్కి తిరగాలి. తొడ దగ్గర దాచిన ఎర్రనీళ్ళ కుండ మీద భీముడి దెబ్బ సరిగ్గా పడాలి. బొమ్మ లేకుండా ఇంటి దగ్గర ఎలా సాధన చేస్తారు? కళ్ళంలో ముగ్గుపిండితో ఆ ఆకారం గీసుకున్నారని నువ్వే రాశావు. ఎంత మంచి వివరం! మాటల్లేని అన్నదమ్ములు ఆ ముగ్గు గీతల మీద అడుగులు కలపాలి. "మా అన్నను కుడిపక్కకు జరగమను వదినా" అని చిన్నాయన అనాలి. ఆమె ఆ మాట మోసుకుని మూడడుగుల దూరంలో ఉన్న మొగుడికి చెప్పాలి. ఆటలో మాత్రం ఒకరినొకరు నోరారా తిట్టుకోవచ్చు. ఇంత దొరికాక నీకు కొట్లాట దేనికి?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగం దొరక్క ట్యూషన్లు చెప్పుకుంటూ, వాళ్ళిచ్చే డబ్బుల్లో కాయితాలకూ తపాలా బిళ్ళలకూ తీసిపెట్టుకుంటూ రాసే రోజులు. ఆ మట్టి దుర్యోధనుణ్ణి చేసే మనిషి మీద ఒక కథ రాశాను. మట్టి ఎక్కడి నుంచి తెస్తారు, ఎంత నీళ్ళు పోసి ఎలా తొక్కుతారు, ముఖం దగ్గరికి వచ్చేసరికి అందరినీ దూరం పొమ్మని అతనొక్కడే ఎందుకు కూచుంటాడు, అన్నీ రాశాను. పేరున్న వారపత్రిక ఒకటి వేసుకుంది. చూస్తే కథలో మట్టి లేదు. కూలి డబ్బుల దగ్గర ఊరిపెద్దతో జరిగిన చిన్న మాటామాటా ఒక్కటే మిగిలింది. "పని వివరాలు తగ్గించాము, ఇప్పుడు కథ చురుగ్గా నడుస్తోంది" అని సంపాదకుడు కార్డు రాశాడు. సంతోషించమన్నట్టు రాశాడు. ఆ బొమ్మ చేసే మనిషికి చదువు రాదు, నేనే వెళ్ళి కథ వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విని, "మన్ను తొక్కేది ఏదప్పా, మరిచిపోయినావా?" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ పత్రికకు మళ్ళీ కథ పంపలేదు. పంపనందుకు చాలా ఏళ్ళు నా పేరు ఎవరికీ తెలియలేదు, అయినా పంపలేదు.

ఇప్పటి వాళ్ళు కూడా అదే అంటారు. పాఠకుడికి ఓపిక లేదు, ఫోన్లో చదువుతాడు, తొందరగా విషయానికి రావాలి అని. పని చేస్తున్న చేతుల కంటే గొప్ప విషయం ఏముందో నాకు చెప్పమను. ఆ నాలుగు పేజీల చావును చదివే ఓపిక ఉన్న పాఠకుడికి నిచ్చెన ఎక్కే కుర్రాణ్ణి చూసే ఓపిక లేదా?

మరో సంగతి. తెర పట్టుకునే పిల్లలను ఇంకాస్త చూడు. వేషం మొదట తెర వెనక నిలబడి పాడుతుంది కదా. ఇంట్లో తెర లేక పాత దుప్పటి ఇద్దరు పిల్లల చేతికిచ్చారు. వాళ్ళ చేతులు నొప్పి పుట్టి దుప్పటి కిందికి జారుతుంది, దుర్యోధనుడి బట్టతల ముందే బయటపడుతుంది. బాగుంది. కానీ ఆ ఇద్దరిలో ఒకరు నువ్వే అని నా అనుమానం. అవునైతే కథ చెప్పే గొంతు అక్కడి నుంచి రానీ. నీ మాటలు కూడా మీ ఊరివే కానీ. డైలాగుల్లో మీ యాస రాసి, మిగతా అంతా రేడియో వార్తల్లా రాశావు. మీ అమ్మ మాట్లాడే తెలుగులో కథ చెప్పడానికి సిగ్గెందుకు?

కలం పేరు గురించి, పోటీకి పంపడం గురించి, హైదరాబాదు వెళ్ళాలా వద్దా అన్నదాని గురించి అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను.

తాతను బతికించు. ఆయనకు ఇష్టమైతే మూలన కూచుని తాళం వెయ్యమను. లేదంటే కథలోంచి పంపించెయ్. ఎనిమిదో పేజీ దగ్గర మొదలుపెట్టి తిరిగి రాయి. రాసే ముందు మీ అమ్మ దగ్గర కూచుని, తమ్ముడు అక్షరం మింగిన ఆ పద్యం ఏదో అడిగి పూర్తిగా రాసుకో. ఏ మెట్టు మీద ఊపిరి తీసుకోవాలని ఆమె చెబుతుందో అది కూడా. ఆ కాయితం కథతో పాటు నాకు పంపు.

ఈ ఏడు మీ ఊళ్ళో భారతం ఎప్పుడు పెట్టారు? అర్జున తపస్సు తేదీ ఖాయం కాగానే రాయి. పలమనేరు దాకా బస్సులో వచ్చెయ్యగలను, అక్కడికి మీ తమ్ముణ్ణి బండి తెమ్మను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు