పథ్యం సంగతి తర్వాత, ముందు స్నానం సంగతి చూడు

చిట్టీ,

నువ్వు పంపిన బాబు ఫొటోలన్నీ చూశాను. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, బుగ్గల మీద. డాక్టర్ చెప్పింది నిజమే, అది ఎగ్జిమానే. మీ ఇంట్లో అందరూ తామర అంటున్నారట. తామర ఫంగస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. ఇది అంటుకోదు. ప్లేస్కూల్ ఆయమ్మకి ముందు ఆ ముక్క చెప్పు, వాణ్ని వేరేగా కూర్చోబెడుతోందన్నావు కదా.

ఇంకోటి. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఆవకాయ తిన్నందుకే పిల్లాడికి ఇలా అయిందని ఎవరన్నా అంటే చెవిన పెట్టకు. ఈ పిల్లలకి చర్మం పైపొర పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. లోపలి తడి బయటికి పోతుంది, బయటి చికాకు లోపలికి వస్తుంది. చాలామందిలో ఆ పొరని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ తక్కువ. అల్లుడికి పొద్దున్నే వరసగా తుమ్ములు, మీ మామగారికి ఆస్తమా అన్నావు. అలర్జీ తుమ్ములు, ఆస్తమా కుటుంబాల్లో వస్తుంటాయి, ఎగ్జిమా కూడా ఆ గూటి పక్షే.

ఇక తిండి. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, వంకాయ, టమాటా అన్నీ మానిపించారట. రెండేళ్ల పిల్లాడికి ఇంకేం మిగిలింది, చారన్నమా? ఎగ్జిమా గట్టిగా ఉన్న చిన్నపిల్లల్లో సుమారు మూడోవంతు మందికి ఏదో ఒక ఆహారం పడకపోవచ్చు. మిగతావాళ్లకి తిండి మాన్పిస్తే బరువు తగ్గడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. నిజంగా పడని పిల్లల్లో తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతి అవుతుంది. అలాంటిది ఎప్పుడైనా చూశావా? చూస్తే ఏం తిన్నాడో, ఎంతసేపటికి వచ్చిందో కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించు. చూడకపోతే ఊరికే అనుమానంతో ఏదీ ఆపొద్దు.

టమాటా, నిమ్మకాయ తిన్నాక నోటి చుట్టూ ఎర్రబడటం చాలాసార్లు అలర్జీ కాదు. పులుపు పగిలిన చర్మానికి తగిలి మండుతుంది, అంతే. అన్నం పెట్టేముందు పెదవుల చుట్టూ, గడ్డానికి పల్చగా వాజలిన్ రాసి చూడు. వంకాయ దురద పెంచుతుందని మా అమ్మ కూడా అనేది. వాడికి నిజంగా దురద వస్తుంటే మానిపించు, రాకపోతే గుత్తివంకాయ ఏం పాపం చేసింది?

రక్తపరీక్షల ప్యాకేజీల జోలికి పోకు. అలర్జీకి సంబంధించిన యాంటీబాడీని చూసే ఐజీఈ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ ఆహారం పడదని కాదు, తిన్నప్పుడు ఏమవుతుందో దానితో కలిపి చూడాలి. ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీ పేరుతో వంద ఆహారాల లిస్టు ఇచ్చే పరీక్షకి డబ్బు దండగ. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూల్స్ ఎవరో చెప్పారన్నావు. దాని మీద జరిగిన పరీక్షలన్నీ 2013లో కలిపి చూశారు, మందు లేని ఉత్త మాత్రకన్నా మేలు చేసినట్టు తేలలేదు. ఆ డబ్బుతో మంచి మాయిశ్చరైజర్ పెద్ద డబ్బా కొను.

అసలు పని స్నానాలగదిలో ఉంది. బెంగళూరు మారతహళ్లిలో మీకొచ్చేది ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు. కుళాయి మూతికి తెల్లగా పేరుకుంటుంది చూడు, అదే కఠినత్వం. సబ్బు నురగ రాదు, రాలేదని ఇంకాస్త రుద్దుతాం, ఆ సబ్బు చర్మం మీద మిగిలిపోతుంది. అలాగని నలభై వేలు పోసి ఆ కఠినత్వం తగ్గించే సాఫ్టెనర్ పెట్టించకండి. ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లల మీద దాన్ని పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. మామూలు వైద్యం మీద అదనంగా లాభం కనిపించలేదు.

గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలు మించకుండా. సున్నిపిండితో నలుగు పెట్టడం ఆపెయ్. మీ అత్తగారికి బాధగా ఉంటుంది, తెలుసు, కానీ గరుకు పిండి ఆ చర్మానికి గోకుడుతో సమానం. వాసనలేని, నురగ తక్కువ ఉండే సబ్బు అవసరమైన చోట మాత్రమే. తర్వాత మెత్తటి తువ్వాలుతో అద్దు, తుడవకు. ఒంటి మీద ఇంకా తడి ఉండగానే, మూడు నిమిషాల్లోపు క్రీమ్ రాయి. వేలితో చుక్కలు పెట్టడం కాదు, ఒళ్లంతా నిగనిగలాడాలి. వాడి వయసుకి వారానికి పావుకిలో అయినా ఖర్చవ్వాలి. నెలకి ఒక్క ట్యూబు సరిపోతోందంటే నువ్వు సరిగ్గా రాయట్లేదన్నమాట.

కొబ్బరినూనె వాడొచ్చా అని అడిగావు. వాడొచ్చు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలకి ఎనిమిది వారాలు రాసి చూస్తే, వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా బాగా పనిచేసింది. అయితే డిసెంబర్, జనవరిలో బెంగళూరు గాలి పొడిబారిపోతుంది, అప్పుడు నూనె ఒక్కటే ఆగదు, మీద వాజలిన్ కావాలి. ఆలివ్ నూనె, ఆవనూనె వద్దు, అవి ఆ పైపొరనే ఇంకా చెడగొడతాయి. వేరుశనగ నూనె, బాదం నూనె కూడా పగిలిన చర్మం మీద రాయకు. ఆహారపదార్థం చర్మం గుండా లోపలికి వెళ్తే దానికే అలర్జీ రావచ్చు.

ఓట్స్ నాకు నచ్చిన వైద్యం. ఏమీ కలపని ఓట్స్ మిక్సీలో మైదాలా మెత్తగా పట్టు. ఒక చెంచా గ్లాసు నీళ్లలో వేసి కలుపు. పాలలా తెల్లగా అయి, అడుగున ముద్ద మిగలకపోతే సరిగ్గా పట్టినట్టు. మిగిలితే మళ్లీ పట్టు. ఆ పొడి గుప్పెడు టబ్బు నీళ్లలో కలిపి పది నిమిషాలు కూర్చోబెట్టు, దురద తగ్గుతుంది. టబ్బు మాత్రం జారుతుంది, చేతులు వదలకు.

వేపాకు మరిగించిన నీళ్లు చల్లారాక పోస్తే నేనేమీ అనను, కానీ వేపనూనె, నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద, వెనిగర్ వద్దు. వెల్లుల్లి రాసి బొబ్బలెక్కిన చేతులు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసిన రోజుల్లో చాలానే చూశాను. ఇంకా భయపడాల్సింది పేరులేని డబ్బాలో వచ్చే నాటు మందుకి. రెండు రోజుల్లో మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ఎంత ఉందో ఎవరికీ తెలీదు.

అదే స్టెరాయిడ్ డాక్టర్ రాస్తే మాత్రం బెదిరిపోకు. ఎర్రబడిన చోట, చెప్పినన్ని రోజులు. పెద్దవాళ్ల చూపుడువేలి మొదటి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే అరగ్రాము, అది రెండు అరచేతులంత జాగాకి సరిపోతుంది. ముఖానికి వేరే రాసిస్తారు, ఒంటిది ముఖానికి పూయకు. ఈ క్రీముల్లో చాలావాటిని 2018లోనే చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందుల్లో చేర్చారు, అయినా అడిగితే ఇచ్చేసే షాపులున్నాయి.

అల్లుడికి మెడ, కనురెప్పలు నల్లబడి దురదపెడుతున్నాయన్నావు, అది వేరే కావచ్చు. ఆదివారాలు క్రికెట్ ఆడే ఖాళీ సైటు నిండా వయ్యారిభామే, ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. చాలామందికి అది గాలిలోనే సోకి మొహం, మెడ, మోచేతి మడతలు దద్దురెక్కుతాయి. ఆట ఇంకో చోట ఆడుకోమను.

బాబుకి జ్వరంతో పాటు ఒకే రకం చిన్న పొక్కులు గుంపుగా లేచి మధ్యలో గుంట పడితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తు, ఎగ్జిమా మీద హెర్పిస్ అనే వైరస్ పడితే ప్రమాదం. పసుపురంగు చీము పెచ్చులు కట్టినా చూపించాలి.

గుడ్డు మానిపించి చాలా నెలలైంది కాబట్టి ఇంట్లో హఠాత్తుగా మళ్లీ మొదలుపెట్టొద్దు. మానేసిన ఆహారం తిరిగి ఇచ్చినప్పుడు కొందరు పిల్లల్లో రియాక్షన్ తీవ్రంగా వస్తుంది. ముందు డాక్టర్‌ని అడిగి, ఎక్కడ ఎలా ఇవ్వాలో ఆయన చెప్పినట్టు చెయ్యాలి. పాలు, వేరుశనగ సంగతీ అదే. శనివారం అపాయింట్‌మెంట్ దొరికితే నేనూ వస్తాను. ఇప్పటిదాకా వాడిన క్రీములు, నూనెలు, మీ అత్తగారి డబ్బాతో సహా అన్నీ ఒక సంచిలో వేసుకురా.

మీ పెద్దమ్మ