గుంట పడిన పరుపు మీద లేటెక్స్ వేస్తే నడుం నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే నడుం పట్టేసి ఉంటోంది. పావుగంట అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. కాళ్లలోకి నొప్పి దిగడం, తిమ్మిర్లు లాంటివి లేవు. మా పరుపు కొని పదేళ్లు దాటింది. కింద కొబ్బరి పీచు, పైన ఫోమ్. నేను పడుకునే వైపు గుంట పడింది. కొత్తది కొనక్కర్లేదు, పైన రెండంగుళాల లేటెక్స్ షీటు వేసుకుంటే చాలని పరుపుల కొట్టులో చెబుతున్నారు. వేయించుకోమంటారా? ఇంకో సందేహం. మా పాప నా పక్కనే పడుకుంటుంది. బెలూన్ ఊదితే తన పెదాలు దురదపెట్టి ఉబ్బుతాయి. లేటెక్స్ కూడా రబ్బరే కదా?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: ముందు పాప సంగతి చూద్దామమ్మా. మీ నడుం నాలుగు రోజులు ఆగినా పర్లేదు. బెలూన్ తగిలినప్పుడల్లా పెదాలు ఉబ్బుతున్నాయంటే రబ్బరు చెట్టు పాలలో ఉండే ప్రొటీన్లు తనకు పడడం లేదేమోనని అనుమానించాలి. దీన్నే లేటెక్స్ అలర్జీ అంటాం. పరుపుల్లో వాడే లేటెక్స్ ఫోమ్‌ను తయారీలోనే నీళ్లతో కడుగుతారు కాబట్టి ఆ ప్రొటీన్లు చాలావరకు పోతాయి. పైన గుడ్డ కవరు, దుప్పటి ఎలాగూ ఉంటాయి. అందుకే బెలూన్లు, గ్లవ్స్‌తో వచ్చినంత ఇబ్బంది పరుపుతో సాధారణంగా రాదు. అయినా రాత్రంతా పిల్ల ముఖం ఆనించి పడుకునే వస్తువు విషయంలో ‘సాధారణంగా’ అనే మాట మీద నేను ఆధారపడను. అలర్జీ నిపుణులకు చూపించి చర్మ పరీక్షో, రక్తంలో ఐజీఈ (అలర్జీని పట్టిచ్చే యాంటీబాడీ) పరీక్షో చేయించండి. అరటిపండు, కివీ, అవకాడో తిన్నప్పుడు నోరు దురద పెడుతోందేమో గమనించి అదీ చెప్పండి. రబ్బరు పడనివాళ్లలో కొందరికి ఈ పండ్లూ పడవు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏదైనా ఆపరేషన్ అవసరమైనా బెలూన్ సంగతి ముందే చెప్పాలి. వాళ్లు వేరే రకం గ్లవ్స్ వాడతారు. ఎప్పుడైనా ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అలర్జీ ఉందని తేలితే మీ ఇంట్లోకి సహజ లేటెక్స్ వద్దు. సింథటిక్ లేటెక్స్‌లో ఈ ప్రొటీన్లు ఉండవు గానీ, రెండూ కలిపి చేసినవీ ఉంటాయి. ఆ తేడాను కొట్టువాళ్ల నోటి మాటకు వదిలేయకండి. మంచి సాంద్రత ఉన్న మామూలు పీయూ (పాలీయురేథేన్) ఫోమ్‌తో నిశ్చింతగా గడిచిపోతుంది.

ఇక మీ నడుం. లేవగానే పట్టేసి, కాసేపు తిరిగితే వదిలేసే నొప్పికి గుంట పడిన పరుపు కారణం కావచ్చు. బరువంతా తుంటి దగ్గర కిందికి దిగి, వెన్ను రాత్రంతా ఊయలలో పడుకున్నట్టు వంగి ఉంటుంది. ఆ భంగిమలో కండరాలకు విశ్రాంతి దొరకదు. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. వారం పది రోజులు ఇంట్లో గుంట లేని ఇంకో మంచం మీదో, చాప మీద బొంత వేసుకునో పడుకోండి. పొద్దున పట్టేయడం తగ్గితే తప్పు పరుపుదే. ఏ మార్పూ లేకపోతే లేటెక్స్ వేసినా పెద్దగా ఒరిగేది ఉండదు.

పరుపుదే తప్పని తేలితే, గుంట లోతు చూడండి. దుప్పటి తీసేసి, తిన్నటి చీపురు కర్ర ఒకటి పరుపుకు అడ్డంగా పెట్టి, మధ్యలో ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. అంగుళంన్నర దాటితే దాని మీద ఏం వేసినా దండగే. కొట్టువాళ్లు చెప్పని సంగతి ఇదే. లేటెక్స్ మెత్తగా వంగే పదార్థం. కింద ఏ ఆకారం ఉంటే ఆ ఆకారంలోకే ఒదుగుతుంది. కొత్తలో హాయిగా అనిపించినా, గుంట మీద వేసిన లేటెక్స్ గుంటలోకే దిగుతుంది. నడుముకు దక్కే ఆసరా పాతదే.

అందుకని కవరు విప్పించి చూడాలి. జిప్పు ఉంటే మీరే చూడొచ్చు, లేకపోతే కుట్టు విప్పించాలి. సాధారణంగా ముందు చచ్చేది పైన ఉన్న ఫోమ్. పీచు పొర సమంగా, గట్టిగా ఉంటే అరిగిన ఫోమ్ తీయించేసి, ఆ స్థానంలో రెండు మూడు అంగుళాల లేటెక్స్ పెట్టించుకుని మళ్లీ కవరు తొడిగించుకోండి. ఇది సరైన మరమ్మతు, కొత్త పరుపు కన్నా చవక కూడా. పీచు పొడిపొడిగా రాలుతుంటే, లేదా చేత్తో నొక్కితే అక్కడక్కడా బోలుగా తగులుతుంటే మాత్రం దానికి ఆశ వదులుకోండి. పనిలో పనిగా మంచం మీద ప్లైవుడ్ వంగిందేమో చూడండి. చాలా ఇళ్లలో అసలు దొంగ అదే.

ఎంత గట్టిగా ఉండాలని అడుగుతారు. నడుం నొప్పికి చెక్క బల్ల మీద పడుకోవాలని మన పెద్దవాళ్లు చెప్పేవారు, ఒకప్పుడు డాక్టర్లమూ అదే చెప్పాం. స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాల నడుం నొప్పి ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనం 2003లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. మరీ గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి బాగా తగ్గింది. కొట్టులో పది నిమిషాలు పక్కకు తిరిగి పడుకుని చూడండి, మొహమాటపడకండి. భుజం, తుంటి కొద్దిగా దిగాలి, నడుం దగ్గర ఖాళీ ఉండకూడదు. ‘ఆర్థోపెడిక్’ అన్న ముద్ర చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. పరుపుకు ఆ పేరు పెట్టడానికి ఏ ఎముకల డాక్టరు సంతకమూ అక్కర్లేదు.

లేటెక్స్ పెట్టించుకున్నాక దూది పరుపులా డాబా మీద ఎండబెట్టొద్దు. ఎండకు రబ్బరు పెళుసెక్కి పొడి రాలుతుంది. మీ సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ కాబట్టి అప్పుడప్పుడు గదిలోనే గోడకు ఆనించి ఫ్యాన్ వేయండి, చాలు. అది బరువుగా ఉంటుంది, ఒక్కరే ఎత్తకండి. పూర్తి లేటెక్స్ డబుల్ పరుపైతే ముప్పై కిలోలు దాటొచ్చు. నడుం కోసం కొన్న పరుపును తిప్పబోయి నడుం పట్టేసుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరమో బరువు తగ్గడమో తోడైనా ఈ పరుపు ప్రయోగాలన్నీ ఆపి డాక్టరుకు చూపించుకోండి. మన దగ్గర వెన్నెముక క్షయ అరుదేమీ కాదు. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేకపోతే ఈ రాత్రి నుంచే పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య ఓ దిండు పెట్టుకుని పడుకోండి.